ఉప్పు మీద తేలే ఊళ్ళు

జూలై నెలలో ఏదో ఒక తెల్లవారుజామున రాజమండ్రి పుష్కరాల రేవులో స్నానానికి వచ్చినవాళ్ళు మెట్ల మీదే ఆగిపోతారు. నిన్నటిదాకా అడుగున ఇసుక కనిపించేంత తేటగా ఉన్న గోదావరి రాత్రికి రాత్రే రంగు మార్చుకుని ఉంటుంది. ఒకాయన దోసిట్లోకి తీసుకుని చూసి, "ఎర్రనీరు వచ్చేసిందండీ" అంటాడు. ఆ మాట రేవులోంచి కాఫీ హోటలుకి, హోటల్లోంచి బజారుకి, అక్కడినుంచి ఊరంతటికీ పాకిపోతుంది. ముందురోజు రాజమండ్రిలో చినుకు పడి ఉండకపోవచ్చు. ఆకాశంలో మబ్బుతునక కూడా ఉండకపోవచ్చు. అయినా నీరు మారింది, మట్టం పెరిగింది, ఏటి వాసన కూడా మారింది.

ఆ నీరు ఎక్కడిది? ఎలా వచ్చింది? మన దగ్గర ఏం చేసి, ఎక్కడికి పోతుంది? ముప్పై ఏళ్ళకు పైగా కాలేజీలో భౌతికశాస్త్రం చెప్పినవాణ్ణి. నల్లబల్ల మీద సముద్రం, మబ్బు, కొండ, నది గీసి, బాణం గుర్తులు పెట్టి, దీన్ని జలచక్రం అంటారని ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. ఆ బొమ్మలో ఒక లోటుందని నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది. ఆ లోటు ఏమిటో మా అమ్మమ్మగారి నుయ్యి నేర్పింది. ఆ నూతి దగ్గరకు చివర్లో వెళదాం. ముందు ఎర్రనీటి వెనకాలే, అది వచ్చిన దారిన, వెనక్కి నడుద్దాం.

గోదావరి మహారాష్ట్రలో నాసిక్ దగ్గర త్ర్యంబకేశ్వరంలో, బ్రహ్మగిరి కొండల్లో పుట్టిందని మనందరికీ తెలుసు. అక్కడికి అరేబియా సముద్రం 80 కిలోమీటర్లే. అంత దగ్గర సముద్రాన్ని కాదని, తూర్పుకు తిరిగి, 1,465 కిలోమీటర్లు నడిచి మన బంగాళాఖాతంలో కలుస్తుంది. అయితే జూలై, ఆగస్టుల్లో ధవళేశ్వరం దగ్గర మనం చూసే నీళ్ళలో నాసిక్ వాటా తక్కువ. పశ్చిమ కనుమలు దాటాక మరాఠ్వాడాలో వానలు పలచన. మన నదిని నిజంగా నింపేది దారిలో కలిసే ఉపనదులు. విదర్భ నీళ్ళన్నీ పోగుచేసుకుని ప్రాణహిత వస్తుంది. బస్తరు అడవుల గుండా ఇంద్రావతి వస్తుంది. ఒడిశా కొండల్లో పుట్టిన శబరి, సీలేరును కలుపుకుని కూనవరం దగ్గర చేరుతుంది. ఈ మూడూ పొంగితేనే మనకు వరద.

మరి బస్తరులో, విదర్భలో ఆ వాన ఎవరిచ్చారు? వర్షాకాలంలో రేడియోలో వాతావరణ సూచనలు వినేవాళ్ళకు ఈ వాక్యం కంఠతా వచ్చి ఉంటుంది: వాయవ్య బంగాళాఖాతంలో అల్పపీడనం ఏర్పడింది, అది పశ్చిమ వాయవ్య దిశగా కదులుతోంది. ఆ అల్పపీడనం ఒడిశా తీరం దాటి ఛత్తీస్‌గఢ్ మీదుగా విదర్భ వైపు పోతుంది. పోతూ పోతూ సముద్రం మీద మోసుకొచ్చిన తేమను ఆ అడవుల మీద, కొండల మీద కుమ్మరిస్తుంది. ఆ వాన ఇంద్రావతి, శబరి, ప్రాణహిత పట్టుకుని దిగి, పాపికొండల మధ్య ఇరుకులో ఒదిగి, పోలవరం దగ్గర బయటపడి, రాజమండ్రి రేవు మెట్లు ఒక్కొక్కటే ముంచి, ధవళేశ్వరం దిగువన పాయలుగా చీలి, గౌతమిగా, వశిష్ఠగా, వైనతేయగా మళ్ళీ బంగాళాఖాతంలోకే చేరుతుంది. అంటే మన సముద్రం లోంచి లేచిన నీరు, అడవులు తిరిగి, మన ఊళ్ళ మీదుగా మన సముద్రానికే వస్తోంది. ఆ చక్రం పూర్తయ్యే ఆఖరి మజిలీ మన డెల్టా.

ఇంత నీటిని సముద్రం లోంచి పైకెత్తేదెవరు? ఎండ. దాని బలమెంతో తెలియాలంటే రోహిణి కార్తెలో అరుగు మీద పెట్టిన మట్టికుండను చూడండి. రోళ్ళు పగిలే ఎండలో కూడా ఆ కుండలో నీళ్ళు గొంతుకు హాయిగా ఉంటాయి. కుండ గోడకు కంటికి కనపడని సన్నటి రంధ్రాలున్నాయి. వాటిలోంచి నీరు చెమర్చి, బయట గాలి తగిలి ఆవిరైపోతుంది. ఒక గ్రాము నీరు ఆవిరి కావాలంటే దాదాపు 580 కేలరీల వేడి కావాలి. ఆ వేడిని అది లోపల మిగిలిన నీళ్ళలోంచే లాక్కుపోతుంది. అందుకే కుండ చల్లబడుతుంది. ఇంకోరకంగా చెప్పాలంటే, ఒక లీటరు నీళ్ళు ఆవిరి కావడానికి పట్టే వేడితో, మంచులా చల్లగా ఉన్న నీళ్ళను ఐదారు లీటర్లు మరిగేదాకా కాచవచ్చు.

ఆవిరితో పాటు పైకి పోయిన ఆ వేడి ఎక్కడికీ మాయమవదు. ఆవిరిలో దాగి ఉంటుంది. మళ్ళీ చల్లబడి చినుకయ్యే క్షణంలో, తీసుకున్న వేడి తీసుకున్నట్టు గాలికి అప్పజెప్పేస్తుంది. సముద్రం మీద లక్షల టన్నుల ఆవిరి ఒకేచోట మబ్బుగా మారితే, ఆ వేడికి గాలి ఉవ్వెత్తున లేస్తుంది. కింద ఖాళీ పడినచోటికి చుట్టుపక్కల గాలి సుడి తిరుగుతూ దూసుకొస్తుంది. అదే తుఫాను. 1996 నవంబరు 6 రాత్రి కోనసీమ మీద విరుచుకుపడి, వెయ్యిమందికి పైగా ప్రాణాలు తీసి, లెక్కలేనన్ని కొబ్బరిచెట్లను నేలకూల్చిన గాలికి ఆ బలం ఇచ్చింది సముద్రపు ఆవిరిలో దాగిన వేడే. నేల మీదికి రాగానే తుఫాను నీరసపడేది కూడా అందుకే. దానికి మేత సముద్రం మీద ఉంది.

వైశాఖమాసం మధ్యాహ్నం అంతర్వేది ఒడ్డున చెప్పుల్లేకుండా నడిచారా ఎప్పుడైనా? ఇసుక అరికాళ్ళు కాల్చేస్తుంది. పరుగున వెళ్ళి నీళ్ళలో అడుగుపెడితే చల్లగా ఉంటుంది. రెండింటి మీదా ఒకటే ఎండ. అయినా ఒక గ్రాము ఇసుకను ఒక డిగ్రీ వేడెక్కించే వేడికి దాదాపు ఐదు రెట్లు కావాలి, ఒక గ్రాము నీటిని ఒక డిగ్రీ వేడెక్కించడానికి. నీరు నిదానం మీద వేడెక్కుతుంది, నిదానం మీద చల్లారుతుంది. అందుకే మధ్యాహ్నం దాటగానే కాలిన నేల మీది గాలి పైకి లేస్తే, చల్లటి సముద్రపు గాలి ఆ చోటు పూడ్చడానికి ఒడ్డుకు వస్తుంది. నరసాపురం, అమలాపురం వాళ్ళకు సాయంత్రాలు ప్రాణం లేచొచ్చేది ఆ గాలికే. ఇదే సంగతి ఒక ఊరి కొలతలో కాకుండా దేశమంత కొలతలో, ఒక పూటకు కాకుండా నాలుగు నెలలపాటు జరిగితే, దాని పేరు నైరుతి ఋతుపవనం. మృగశిర కార్తె తొలకరి నుంచి మన సార్వా ఊడ్పుల దాకా అన్నీ నీటికున్న ఆ నిదానపు గుణం మీదే ఆధారపడ్డాయి.

ఈ గుణాలన్నీ నీటికే ఎందుకు వచ్చాయి? నీటి అణువులో రెండు హైడ్రోజన్ పరమాణువులు, ఒక ఆక్సిజన్ పరమాణువు ఉంటాయి. ఆ రెండు హైడ్రోజన్లూ ఆక్సిజన్‌కు చెరో పక్కన తిన్నగా ఉండవు. రెండు చెవుల్లా ఒకే వైపుకు వంగి ఉంటాయి. దాంతో అణువుకు ఒక వైపు కొంచెం ధనావేశం, రెండో వైపు కొంచెం ఋణావేశం ఏర్పడతాయి. ఒక అణువు ధన భాగం పక్క అణువు ఋణ భాగాన్ని పట్టుకుంటుంది. తిరునాళ్ళలో పిల్లలు తప్పిపోకుండా ఒకరి చెయ్యి ఒకరు పట్టుకున్నట్టు, నీటి అణువులు ఎప్పుడూ చేతులు పట్టుకునే ఉంటాయి. విడుస్తాయి, మళ్ళీ ఇంకొకదాన్ని పట్టుకుంటాయి. నీరు ఆవిరి కావాలంటే ఆ చేతులు విడిపించాలి. అందుకే అంత వేడి కావాలి.

ఆ పట్టు ఎంత గట్టిదో చూడాలంటే కోనసీమ కొబ్బరితోటలోకి రండి. అరవై డెబ్బై అడుగుల చెట్టు. దాని వేళ్ళు ఇసుకనేలలో తడిని పట్టుకుంటాయి. పైన ఆకుల్లోంచి ఎండకు నీరు ఆవిరైపోతుంటే, పోయిన ప్రతి అణువూ తన వెనక అణువును చెయ్యి పట్టి లాగుతుంది. అది ఇంకోదాన్ని లాగుతుంది. వేరు నుంచి మట్ట దాకా మాను లోపల తెగకుండా సాగే నీటి దారాలవి. మోటారు లేదు, చప్పుడు లేదు. మనం బొండాం కొట్టించుకుని తాగేది ఆ దారం మీద పైకెక్కిన నీళ్ళే. ఆకుల్లోంచి పోయిన ఆవిరి కూడా మబ్బులకే చేరుతుంది. వానచక్రంలో మన తోటలకూ, వరిచేలకూ వాటా ఉంది.

ఇంకో సంగతి ఉంది. దాదాపు ప్రతి పదార్థమూ గడ్డకడితే కుంచించుకుని బరువెక్కుతుంది. నీరు మాత్రం 4 డిగ్రీల వరకే కుంచించుకుని, ఆపైన ఇంకా చల్లారుతుంటే వ్యాకోచిస్తుంది. అందుకే మంచు నీటి మీద తేలుతుంది. చలిదేశాల్లో చెరువు పైన గడ్డకట్టినా అడుగున చేపలు బతికేది దానివల్లే. మన చెరువులు గడ్డకట్టవు గానీ, మన చేపలకు కూడా మంచుతో పని ఉంది. భీమవరం, ఆకివీడు నుంచి బెంగాల్ దాకా పోయే చేపల లారీల్లో ఐసు నింపుతారు. ఒక గ్రాము ఐసు కరగడానికి 80 కేలరీలు పీల్చుకుంటుంది. పూర్తిగా కరిగేదాకా సున్నా డిగ్రీ దగ్గరే నిలబడుతుంది. ఆ పట్టుదల వల్లే వందల మైళ్ళ అవతల మన చేప తాజాగా దిగుతోంది.

ఇక మళ్ళీ ఎర్రనీటికి వద్దాం. ఆ రంగు మట్టిది. పాతరోజుల్లో వరదనీళ్ళు బిందెలతో తెచ్చుకుని, చిల్లగింజను రాతి మీద అరగదీసి, ఆ గంధం బిందెలో కలిపేవారు. కాసేపటికి బురదంతా అడుక్కి దిగి, పైన తేటనీరు నిలిచేది. అందులో మంచి విజ్ఞానం ఉంది. నీళ్ళలో తేలే సన్నటి బంకమట్టి రేణువులన్నిటి మీదా ఋణావేశం ఉంటుంది. ఒకే జాతి ఆవేశాలు కాబట్టి ఒకదాన్నొకటి తోసుకుంటూ, అడుక్కి దిగకుండా తేలుతూ ఉంటాయి. చిల్లగింజలోని పదార్థం ఆ తోపులాటను ఆపుతుంది. రేణువులు ముద్దలు కట్టి, బరువెక్కి, కిందికి దిగిపోతాయి.

బిందెలో మన అమ్మమ్మలు చేసిన ఆ పనినే గోదావరి నోటి దగ్గర సముద్రం చేస్తుంది. నది తెచ్చిన బురదనీరు ఉప్పునీటిని తాకగానే, ఆ ఉప్పు మట్టిరేణువుల ఆవేశాన్ని తీసేస్తుంది. బంకమట్టి ముద్దలు కట్టి అడుక్కి దిగుతుంది. పల్లానికి వచ్చేసరికి వేగం తగ్గిన ఏరు, అంతకు ముందే ముతక ఇసుకను దించేస్తుంది. ఇసుక కింద, బంకమట్టి పైన, మళ్ళీ ఇసుక, మళ్ళీ మట్టి. సుమారు 6 వేల ఏళ్ళుగా అలా పేరుకుంటూ వచ్చిన నేలే మన డెల్టా. నేటి తీరానికి చాలా లోపల వరిచేల మధ్యన వరసలు వరసలుగా ఇసుకదిబ్బలు కనిపిస్తాయి. అవి ఒకప్పటి సముద్రపు ఒడ్డులు. ఈ రోజు మనం నాగలి పట్టిన చోట ఒకప్పుడు అల విరిగింది. బస్తరు నుంచి, విదర్భ నుంచి, తెలంగాణ నుంచి పిడికెడు పిడికెడు తెచ్చి నీరు మనకు కట్టిన ఇల్లు ఇది.

అంత నీరు పక్కనే పారుతున్నా ఒకప్పుడు ఈ నేల ఆకలితో చచ్చిపోయింది. 1833 నాటి కరువు జ్ఞాపకం ఇంకా మన పల్లెల మాటల్లో ఉంది. నాలుగు నెలలు వరద ముంచేది. మిగతా నెలలు నది అట్టడుగున పారుతుంటే పైన చేలు బీటలు వారేవి. నీరు పల్లానికే పోతుంది, గట్టెక్కి రాదు. దాన్ని గట్టెక్కించే దారి వెతికినవాడు ఆర్థర్ కాటన్. 1847లో ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట మొదలై 1852కి పూర్తయింది. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు భాగాలుగా, లంకలను కలుపుకుంటూ కట్టారు. వీణెం వీరన్న వంటి మనవాళ్ళూ, వేలాదిమంది కూలీలూ ఆయనకు చేయందించారు.

ఆయన పట్టుకున్న కిటుకు కూడా నీటిగుణంలోంచి వచ్చిందే. పొంగిన ప్రతిసారీ ఏరు తన ఒడ్డునే ఎక్కువ ఒండ్రు దించుతుంది. అందువల్ల డెల్టాలో ఏటిగట్టు మెరక, చేలు పల్లం. నీటిమట్టాన్ని కొన్ని అడుగులు లేపి ఆ మెరక మీద కాలువ తవ్వితే చాలు, నీరు దానంతటదే తూముల్లోంచి బోదెల్లోకి, బోదెల్లోంచి చేలల్లోకి దిగుతుంది. అలా తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాల్లో దాదాపు 10 లక్షల ఎకరాలు పచ్చబడ్డాయి. పాత ఆనకట్ట స్థానంలో ఇప్పుడున్న బ్యారేజీకి కాటన్ పేరే పెట్టుకున్నాం. జలచక్రంలో ఆ మహానుభావుడు చేసిన పని ఒక్క ముక్కలో చెప్పాలంటే, పరుగున సముద్రానికి పోయే నీటిని మన ఇంట్లో నాలుగు రోజులు కూర్చోబెట్టాడు.

అన్నిసార్లూ కూర్చోదు. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు వస్తే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. 1986 ఆగస్టులో దాదాపు 35 లక్షల క్యూసెక్కులు వచ్చాయి. క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు, సుమారు 28 లీటర్లు. అంటే ఆ రోజు బ్యారేజీ దగ్గర ఒక్క సెకనులో దాదాపు 10 కోట్ల లీటర్ల నీళ్ళు దాటాయి. మనిషికి రోజుకు 100 లీటర్లు చొప్పున, 10 లక్షలమంది ఒకరోజు వాడుకునే నీళ్ళవి. ఒక్క సెకనులో!

ఇది వింటే మనకేం కొదవ అనిపిస్తుంది. అందుకని ఇంకో లెక్క చెబుతాను. భూమ్మీది నీళ్ళన్నిటినీ 100 లీటర్ల డ్రమ్ములో పోశాం అనుకోండి. అందులో 97 లీటర్లకు పైగా ఉప్పునీళ్ళే. మిగిలిన మంచినీళ్ళలో మూడింట రెండు వంతులు ధ్రువాల దగ్గరా కొండల మీదా మంచుగా గడ్డకట్టి ఉన్నాయి. తక్కినదాంట్లో చాలా భాగం నేల కింద ఉంది. గోదావరి, గంగ, నైలు, అమెజాన్, ప్రపంచంలోని నదులన్నిటిలో ఒక సమయానికి ఉండే నీరు ఆ డ్రమ్ములో మూడు చుక్కలు. గాలిలోని ఆవిరీ, మబ్బులూ అంతా కలిపినా చెంచాలో ఐదో వంతు.

చెంచాలో ఐదో వంతుతో ఇన్ని వానలెలా కురుస్తున్నాయి? గాలిలో చేరిన నీరు సగటున తొమ్మిది రోజులకు మించి పైన ఉండదు. కురుస్తుంది, మళ్ళీ లేస్తుంది. ఏడాదిలో నలభైసార్లు తిరుగుతుంది. చేతిలో ఉన్నది చిల్లరే అయినా ఆగకుండా తిరుగుతుంటే సంతంతా నడుస్తుంది. మన సంపద నిలవలో లేదు, ఆ తిరుగుడులో ఉంది. ఎక్కడైనా దాన్ని అడ్డుకుంటే, ఆ లోటు ఎవరో ఒకరి ఇంట్లో బయటపడుతుంది.

ఇప్పుడు మా అమ్మమ్మగారి నూతి దగ్గరకు వెళదాం.

సఖినేటిపల్లి దాటి సముద్రం వైపు వెళితే ఇసుకపర్ర మీద ఉన్న చిన్న ఊరు వాళ్ళది. రాత్రి పడుకుంటే అలల హోరు వినపడేది. పెరట్లో సర్వితోపు పక్కన, నిలువెత్తు లోతు కూడా లేని నుయ్యి. అందులో నీళ్ళు కొబ్బరినీళ్ళలా తియ్యగా ఉండేవి. సముద్రం పక్కనే ఉంటే నీళ్ళు తియ్యగా ఎలా ఉన్నాయా అని చిన్నప్పుడు నాకు ఆశ్చర్యం. చేద వేసేటప్పుడు అమ్మమ్మ ఎప్పుడూ ఒకే మాట అనేది: "బొక్కెన అడుక్కంటా దింపకురా అబ్బాయ్, ఉప్పు తేలుద్ది." నుయ్యి లోతుగా తవ్వనిచ్చేదీ కాదు.

బడికి వెళ్ళని అమ్మమ్మ చెప్పిన ఆ మాటకు సూత్రం ఉందని నాకు చదువుకున్నాక తెలిసింది. వాన ఇసుకలో ఇంకి కిందికి దిగుతుంది. కింద అప్పటికే సముద్రపు ఉప్పునీరు ఉంటుంది. లీటరు సముద్రపు నీళ్ళలో సుమారు 35 గ్రాముల లవణాలుంటాయి కాబట్టి అది మంచినీటికంటే కొంచెం బరువు. మంచినీరు తేలిక. అందుకని అది కలిసిపోకుండా, ఉప్పునీటి మీద ఒక పలచటి పొరలా తేలుతుంది. 19వ శతాబ్దం చివర నెదర్లాండ్స్‌లో బేడన్ గైబెన్, ఆ తర్వాత జర్మనీలో హెర్జ్‌బర్గ్ అనే ఇంజనీర్లు తమ సముద్రతీరాల్లో ఈ లెక్క పట్టుకున్నారు. సముద్రమట్టం కంటే మంచినీరు ఒక అడుగు ఎత్తున నిలిస్తే, దాని కింద దాదాపు 40 అడుగుల లోతు వరకూ మంచినీరు ఉంటుంది.

ఈ లెక్కకు రెండో వైపు కూడా ఉంది, శ్రోతలు దయచేసి గుర్తుంచుకోవాలి. పైన ఒక అడుగు తగ్గిందంటే, నిదానం మీద కింద ఉప్పు 40 అడుగులు పైకి వస్తుంది. చేద వేసి నాలుగు బిందెలు తోడుకున్నంత కాలం ఆ పొరకు ఏమీ కాలేదు. తర్వాత బోర్లు వచ్చాయి, మోటార్లు వచ్చాయి. గంటల తరబడి ఒకేచోట లాగుతుంటే ఆ చోట కింది ఉప్పు గోపురంలా పైకి లేస్తుంది. మరోవైపు రొయ్యల చెరువుల కోసం, తనంతట తాను ఎన్నడూ రాని చోటికి ఉప్పునీటిని మనమే మోసుకొచ్చి నిలబెట్టాం. అదీ కిందికి ఇంకుతుంది. మా అమ్మమ్మగారి నూతి నీళ్ళు మొదట చప్పబడ్డాయి, తర్వాత పప్పు ఉడకనంత కటికనీళ్ళయ్యాయి, ఇప్పుడు నోట పెట్టుకోలేం. ఆ ఇంట్లో ఈ రోజు తాగుతున్నది సైకిలు మీద వచ్చే టిన్ను నీళ్ళు.

నల్లబల్ల మీద నేను గీసిన బొమ్మలో లోటు ఇదే. నీరు ఆకాశంలో తిరిగినట్టే నేల కింద కూడా తిరుగుతుంది. ఆ బాణం గుర్తు నేనెప్పుడూ సరిగా గీయలేదు. ఈ డెల్టాలో ఆ బాణమే మన ప్రాణం. రోడ్డు మీద నిలబడితే మన కింద నేలే ఉందనుకుంటాం. తీరానికి దగ్గరున్న ఊళ్ళల్లో ఆ నేల కింద మంచినీటి పొర, దాని కింద సముద్రం ఉన్నాయి. ఆ ఊళ్ళు ఉప్పు మీద తేలుతున్నాయి. వాటిని తేల్చి ఉంచేది ఏటా కాలువలోంచి, చెరువులోంచి, చేలోంచి, ఇసుకదిబ్బలోంచి కిందికి ఇంకే తియ్యటి నీరు.

మన పెద్దలకు ఈ సంగతి ఆచారంగా తెలుసు. వేసవిలో కాలువలు కట్టేసే ముందు ఊరి మంచినీళ్ళ చెరువు నింపుకునేవారు. ఆ చెరువు తాగడానికే అనుకుంటాం గానీ, అది చుట్టూ ఉన్న నూతులనూ సాకుతుంది. ఆ చెరువు పూడిస్తే స్థలం కలిసొస్తుంది, నుయ్యి పోతుంది. ఇసుకదిబ్బలు తవ్వేస్తే ఇసుక లారీలకెక్కుతుంది, వాన ఇంకే జల్లెడ పోతుంది. మురుగుకాలువ పూడిపోతే ముంపు ఒక్కటే కాదు, ఉప్పుటేరు పోటు నీరు వెనక్కి తన్ని చేలల్లోకి ఎక్కుతుంది. పైన ఆనకట్టల వెనక ఒండ్రు ఆగిపోతోంది. ఒండ్రు రాకపోతే సముద్రం ఒడ్డును కోసుకుంటుంది. కోరంగి మడ అడవులు తమ వేళ్ళతో ఆ ఒండ్రును పట్టి ఆపుతాయి కనుక, వాటిలో ఒక్క చెట్టు పోయినా గుప్పెడు నేల పోయినట్టే.

ఇవన్నీ సర్కారు పనులే అనుకోకండి. కొన్ని మన వాకిట్లోవి. పెరడంతా సిమెంటు చేయకుండా వాన ఇంకే చోటు వదలండి. తీరపు ఊళ్ళల్లో బోరు లోతుకు దింపేముందు పాత నూతుల లోతు ఎంతో పెద్దవాళ్ళను అడగండి. ఊరి చెరువు పూడుస్తామని ఎవరైనా అంటే, అది ఎన్ని నూతులకు తల్లో గ్రామసభలో లేచి చెప్పండి.

చివరిగా ఒక చిన్న పని చెబుతాను, పిల్లలున్న ఇంట్లో తప్పకుండా చేయండి. ఈసారి ఎర్రనీరు వచ్చినప్పుడు రేవు నుంచో, కాలువ నుంచో ఒక గాజుగ్లాసు నిండా నీళ్ళు తెచ్చి, కదపకుండా కిటికీలో పెట్టండి. ఇంకో గ్లాసులో అవే నీళ్ళు పోసి, చెంచాడు ఉప్పు కలిపి పక్కన పెట్టండి. ఉప్పు వేసిన గ్లాసు ముందుగా తేటపడటం పిల్లలు కళ్ళారా చూస్తారు. తెల్లారేసరికి రెండు గ్లాసుల అడుగునా గోరుమందం కూడా లేని మెత్తటి ఒండ్రు ఉంటుంది. దాన్ని వేలితో తీసి పిల్లల అరచేతిలో పెట్టి, మన ఊరు ఇలాగే పుట్టిందని చెప్పండి. తర్వాత వాళ్ళను వెంటబెట్టుకుని మీ వీధిలో మిగిలిన పాత నుయ్యి ఏదైనా ఉంటే అక్కడికి తీసుకెళ్ళండి. బొక్కెన పైపైనే వేసి, ఒక్క గుక్క నోట పోసుకుని, నీళ్ళు ఎలా ఉన్నాయో చూడమనండి. తియ్యగా ఉన్నాయని వాళ్ళు చెబితే, ఆ నుయ్యిని కాపాడే పని ఆ రోజు నుంచి వాళ్ళకు అప్పగించండి.